దీపము గల సీలింగు ఫ్యాను: తీగల తగవు

ఇంటి శ్లాబునకు వ్రేలాడు ఫ్యాను ఒక పని చేయును, దీపము వేరొక పని చేయును. రెండింటిని ఒకే కొక్కెమునకు వ్రేలాడదీసినప్పుడు ఇంటివారికి మూడవ పని యొకటి పుట్టును. రెండింటిలో ఏది చెడినది, ఎక్కడ చెడినది అని తేల్చుకొనుటయే ఆ మూడవ పని. నేడు మేము దానిని గురించి చెప్పదలచితిమి. ఎలక్ట్రీషియను చేయవలసిన పనిని మీచేత చేయించుట మా ఉద్దేశము కాదు. ఆయన వచ్చులోపల మీరు చూడదగినదేది, ముట్టరానిదేది అన్నంతవరకే మా మాట.

దీపము గల ఫ్యాను క్రొత్త వింత యేమియు కాదు. అమెరికాలో ఫిలిప్ డీల్ అను యంత్రకారుడు 1882లో కుట్టుమిషను మోటారునకు రెక్కలు తగిలించి పైకప్పునకు వ్రేలాడదీసెను. పిమ్మట ఆ ఫ్యానునకే దీపమును జోడించెను. మన దేశమున మాత్రము కచేరీలలో త్రాడు పంకాలు పోయి విద్యుత్ ఫ్యానులు వచ్చిన తరువాత కూడ ఫ్యాను ఫ్యానుగానే ఉండెను, దీపము గోడను పట్టుకొనియే ఉండెను. అందుచేత ఇల్లు కట్టిన మేస్త్రీ కొక్కెము వద్ద ఫ్యానునకు చాలినన్ని తీగలను మాత్రమే విడిచెను. ఇప్పుడు అవనిగడ్డలోనో బందరులోనో కొనివచ్చిన ఫ్యానునకు క్రింద ఎల్.ఇ.డి. దీపము కూడ కలదు. పాత ఇంటికి ఈ క్రొత్త సామాను తగిలించినప్పుడే తగవు మొదలగును.

ముందుగా తీగల లెక్క. దివిసీమవారికి దీనిని చెప్పుట తేలిక. పులిగడ్డ అక్విడక్టు మీదుగా వచ్చిన నీరు కాలువలుగా చీలి పొలములకు పారును. పొలము విడిచిన నీరు మురుగు కాలువ పట్టి సముద్రమునకు పోవును. ఫ్యాను ఒక పొలము, దీపము ఒక పొలము అనుకొనుడు. ఒక్కొక్క పొలమునకు ఒక్కొక్క పంట కాలువ కలదు; అదియే ఫేజు తీగ. స్విచ్చి దాని తూము. రెండు పొలములకును మురుగు కాలువ మాత్రము ఒక్కటే. అది న్యూట్రలు తీగ. ఈ మూడు గాక ఎర్తు తీగ యొకటి యుండవలెను. అది చెరువునకు అలుగు వంటిది. ఏడాది పొడుగునను దానిలో చుక్క పారకపోవచ్చును, కాని పారవలసిన దినమున అది లేకున్నచో ఊరు మునుగును. సామ్యము అన్నివిధముల సరిపోదు. మన ఇండ్లకు వచ్చు కరెంటు సెకనుకు 50 మార్లు ముందుకును వెనుకకును ఊగును. ఏ కాలువ నీరును అట్లు ఊగదు. అయినను తప్పు వెదకుటకు ఈ సామ్యము చాలును.

కనుక దీపము గల ఫ్యానునకు పై నుండి నాలుగు తీగలు రావలెను: రెండు ఫేజులు, ఒక న్యూట్రలు, ఒక ఎర్తు. పాత ఇండ్లలో రెండే యుండును. అప్పుడు పనివాడు ఏమి చేయును? ఫ్యాను ఫేజునకును దీపపు ఫేజునకును కలిపి ముడి వేయును. స్విచ్చి వేయగనే ఫ్యాను తిరుగును, దీపము వెలుగును, ఇంటివారు సంతోషింతురు. రాత్రి పండుకొనబోవునప్పుడు గాని చిక్కు తెలియదు. దీపమార్పినచో గాలి లేదు, గాలి కావలెనన్నచో దీపము తప్పదు. అంతకన్న చెడ్డది మరియొకటి కలదు. ఆ తీగ రెగ్యులేటరు గుండా వచ్చుచున్నది గదా! ఫ్యాను వేగము తగ్గించినప్పుడు దీపము మినుకుమినుకుమనును. ఎల్.ఇ.డి. దీపమునకు సరియైన వోల్టేజి అందక కొలది దినములలోనే చెడవచ్చును. దుకాణమునకు పోయి తయారుచేసినవారిని నిందించిన లాభము లేదు. తప్పు కొక్కెము వద్దనే యున్నది. సాధ్యమైనచో గొట్టములో మరియొక తీగ లాగించుట మేలు. అది కుదరనప్పుడు రిమోటుతో నడచు రిసీవరును రాడ్డు పై గిన్నెలో అమర్చవచ్చును. అప్పుడు గోడ రెగ్యులేటరును తప్పించి ఫేజును నేరుగా ఈయవలెను. 30 వాట్ల సమీపముననే పనిచేయు బి.ఎల్.డి.సి. ఫ్యానులకును ఇదియే నియమము. వానికి గోడ రెగ్యులేటరు పనికిరాదు.

తీగల రంగులను గురించి ఒక మాట. మన ఇండ్లలో చిరకాలముగా ఎరుపు ఫేజునకు, నలుపు న్యూట్రలునకు, ఆకుపచ్చ ఎర్తునకు వాడుచున్నారు. మూడు ఫేజులు వచ్చు ఇండ్లలో పసుపును నీలమును కూడ ఫేజులే. ఐరోపా పద్ధతిలో గోధుమరంగు ఫేజు, నీలము న్యూట్రలు. అమెరికా పద్ధతిలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రలు, ఫ్యాను దీపమునకు పోవు ఫేజు సాధారణముగా నీలము! ఒక దేశమున చంపునది మరియొక దేశమున చంపదు. విదేశపు పద్ధతిలో తీగలు గల ఫ్యానును తెచ్చి, నలుపు నలుపునకే గదా యని ముడివేసినవారికి ఏమి జరుగునో ఊహింపవచ్చును. పెట్టెలోని కాగితముపై గల బొమ్మను పారవేయక, పనివానికి చూపుడు. పిల్లలు అమెరికా నుండి ఫ్యానును పంపినచో మరియొక సంగతి కూడ చూడవలెను. అక్కడి ఇంటి కరెంటు 120 వోల్టులు, మనది 230. ఫ్యానుపై వ్రాసిన వోల్టుల సంఖ్య చూడకుండ తగిలింపరాదు.

ఇక తప్పు వెదకుటకు వత్తము. మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: రెండును ఆగినవా, ఒకటే ఆగినదా? ఒకటే ఆగినచో దాని సొంత కాలువలోనో, ఆ పొలములోనో తప్పున్నది. మురుగు కాలువ బాగున్నట్లే. రెండును ఒక్కమారే ఆగినచో రెండింటికి ఉమ్మడియైన దానిని చూడవలెను.

ఒకటి ఆగిన కథ చిన్నది. ఫ్యాను తిరుగుచు దీపము వెలుగకున్నచో దీపము, దాని హోల్డరు, దాని స్విచ్చి, దాని ఫేజు తీగ: ఇంతలోనే చూడవలెను. బల్బు మార్చదగిన విధమైనచో, రెండు నిమిషములలో తేలిపోవును. స్విచ్చి వేసి తీసినప్పుడెల్ల దీపపు కాంతి తెలుపు నుండి పసుపునకు మారుచున్నచో అది రోగము కాదు. మూడు రంగుల దీపముల లక్షణమే అది. దీపము వెలిగి ఫ్యాను మూల్గుచు కదలక, పుల్లతో రెక్కను తోసిన పిమ్మట తిరిగినచో కండెన్సరు చెడినదని దాదాపు నిశ్చయింపవచ్చును. సాధారణపు ఫ్యానులలో అది ఎక్కువగా 2.5 మైక్రోఫారడులది, దానిపై వ్రాసిన సంఖ్యనే చూచి అట్టిదే వేయవలెను. ఫ్యాను నానాటికి మందగించుటకు కూడ తరచుగా అదే కారణము. పుల్లతో తోసి నడుపుకొనుట మాత్రము మంచి అలవాటు కాదు. ఆగియున్న మోటారు వేడెక్కి చుట్టలు కాలును. ఊడదీసిన కండెన్సరును పిల్లల చేతికీయకుడు. కరెంటు తీసిన తరువాత కూడ అది కొంతసేపు విద్యుత్తును దాచుకొనగలదు.

స్విచ్చి తీసిన తరువాత కూడ దీపము మిణుగురు వలె వెలుగుచున్నదా? దీనిని నవ్వి విడిచిపెట్టువారు చాలమంది. స్విచ్చిలో సూచిక దీపము ఉన్నందుననో, ప్రక్కన నడచు తీగ ప్రభావముననో అట్లు జరుగవచ్చును. కాని స్విచ్చిని ఫేజులో గాక న్యూట్రలులో వేసినప్పుడు కూడ ఇట్లే జరుగును. ఇది నిజముగా ప్రమాదము. తూమును పంట కాలువకు గాక మురుగు కాలువకు కట్టినట్లన్న మాట. దీపమారినను హోల్డరులో 230 వోల్టులు నిండియుండును. స్విచ్చి తీసితిమి గదా యని బల్బు మార్చుటకు బల్ల యెక్కినవారికి ఆ సంగతి తెలియదు.

రెండును ఒక్కమారే ఆగిన కథయే పెద్దది. మేము ముఖ్యముగా చెప్పదలచినది అదియే. ప్రక్క గదిలో కరెంటున్నదా, ఎం.సి.బి. పడిపోయినదా, ఫ్యూజు పోయినదా అని మొదట చూతురు. ఎం.సి.బి. ఒకమారు ఎత్తి చూడవచ్చును. వెంటనే పడిపోయినచో మరల ఎత్తకుడు. అది మొండితనము చేయుట లేదు, సాక్ష్యము చెప్పుచున్నది. అన్నియు సరిగానే యుండి, ఈ కొక్కెమున మాత్రము ఫ్యానును దీపమును రెండును ఆగినచో, ఉమ్మడి తీగయైన న్యూట్రలును అనుమానింపవలెను.

తూము మూసినచో పొలము ఎండును. మురుగు నోరు పూడినచో పొలము మునుగును. రైతుకు ఈ భేదము కంటికి కనబడును. విద్యుత్తు విషయమున అట్లు కనబడదు. ఫేజు తెగినను దీపము వెలుగదు, న్యూట్రలు తెగినను వెలుగదు. మొదటి సందర్భమున తెగిన చోటి నుండి ఫ్యాను వరకు తీగలో ఏమియు లేదు. రెండవ సందర్భమున ఫేజు తీగ, ఫ్యాను చుట్టలు, దీపము, వానిని దాటి న్యూట్రలు తీగ తెగిన చోటు వరకు, అంతయు వోల్టేజితో నిండి నిలిచియుండును. పోవు దారి లేక నిలిచిన నీరది. "ఫ్యాను తిరుగుట లేదు, దీపము లేదు, కరెంటు రావడము లేదు" అనుకొని ఆ నల్ల తీగను పట్టుకొన్న మనుష్యుడే దానికి దారియగును. దీపము ఆరియుండుట కరెంటు లేదనుటకు సాక్ష్యము కాదు. ఈ ఒక్క మాట ఇంటిలో పెద్దవారికి, పదునైదేండ్ల పిల్లవానికి కూడ తెలిసియుండవలెను. స్క్రూడ్రైవరు తీసికొని బల్ల యెక్కువాడు తరచుగా ఆ పిల్లవాడే గదా!

దీనికి ఒక గుర్తు కలదు. తెగినది ఆ గది న్యూట్రలే యైనచో, అదే వరుసలోని ప్లగ్గు రెండు కన్నములలోను టెస్టరు వెలుగవచ్చును, ముఖ్యముగా ఆ వరుసలో ఏదేని స్విచ్చి వేసియున్నప్పుడు. సరియైన ప్లగ్గులో ఒక్క కన్నమున మాత్రమే వెలుగవలెను. "రెండు వైపుల కరెంటు వచ్చుచున్నది, ఇంక కావలసినదేమి?" అని ఆశ్చర్యపడువారిని చూచియున్నాము. వచ్చుట రెండు వైపుల నుండి కాదు; పోవు దారి మూసికొని పోయినది. టెస్టరు కూడ సత్యహరిశ్చంద్రుడు కాదు. ప్రక్క తీగ ప్రభావమునకే మసకగా వెలుగవచ్చును, లోని దీపము చెడినచో ప్రాణాంతకమైన తీగపై కూడ వెలుగకపోవచ్చును. కరెంటున్న ప్లగ్గులో ముందొకమారు పరీక్షించి, ఆ పిమ్మటనే దానిని నమ్మవలెను. పనివారు రెండు తీగల చివర బల్బు కట్టిన టెస్టు లాంపుతో ఫేజునకును న్యూట్రలునకును నడుమ పరీక్షించి నిశ్చయింతురు. అది ఇంటివారు చేయు పని కాదు.

న్యూట్రలు పోయినదని తెలిసిన వెంటనే కొందరు ఒక చిట్కా వేయుదురు: ఎర్తు తీగను తెచ్చి న్యూట్రలు స్థానమున తగిలించుట. మన కృష్ణా డెల్టాలో ఈ చిట్కా మోసపుచ్చునంత చక్కగా పనిచేయును. నేల ఎల్లప్పుడును తడిగా నుండుటచేత ఎర్తు కడ్డీ విద్యుత్తును బాగుగా గ్రహించును. ఫ్యాను జోరుగా తిరుగును. ఎప్పుడో ఒకనాడు ఆ ఎర్తు తీగ తుప్పుపట్టి తెగును. ఫ్యాను గుండా వచ్చిన విద్యుత్తు అప్పుడు ఆ ఎర్తునకు కట్టిన ఫ్రిజ్జు తలుపునకు, బట్టలుతుకు యంత్రమునకు, నీళ్ల మోటారునకు ప్రాకును. గదిలో చేసిన చిట్కాకు పెరటిలో నూతి వద్ద నున్నవారు ప్రాణము కోల్పోవచ్చును. ఇంట ఆర్.సి.సి.బి. యున్నచో ఈ చిట్కా సాగనే సాగదు. అది వెంటనే పడిపోవును. అట్లు పడిపోవుచున్నదని దానిని తొలగించి నేరుగా తీగ కలుపువారు కూడ కలరు. 30 మిల్లీయాంపియర్ల స్రావమునకే విద్యుత్తును ఆపుటకు ఇండ్లలో పెట్టు కావలివాడది. కాపలా కాసినందుకు వానిని పనినుండి తొలగించినట్లగును.

మరియొక వంచన ఇన్వర్టరు. మెయిను తీసితిమి, ఇక భయము లేదని మనమనుకొందుము. ఫ్యానులను, దీపములనే గదా మనము ఇన్వర్టరునకు కట్టుకొనుట! మెయిను తీసిన తక్షణమే అది మేలుకొని ఆ తీగలకు 230 వోల్టులు పంపును. పని ప్రారంభించుటకు ముందు మెయినును, ఇన్వర్టరును రెండింటిని ఆపి, ఫ్యాను నిజముగా ఆగెనని చూడవలెను. ఫ్యానునకు ఇన్వర్టరు ఫేజును, క్రింది దీపమునకు మెయిను ఫేజును ఇచ్చి న్యూట్రలు ఒకటే చేసిన ఇండ్లు కూడ కలవు. ఇట్టి కలగాపులగమును పనివానిచేత విడదీయించుకొనవలెను.

ఈ తీగలు ఇన్ని మార్లు ఎందుకు తెగును? మన ప్రాంతమున దీనికి ప్రత్యేక కారణము కలదు. పులిగడ్డ వద్ద చీలిన కృష్ణ పాయల నడుమ, సముద్రమునకు చేరువనున్న నేల మనది. గాలిలో ఉప్పు, ఉప్పు పీల్చు తేమ. ఇంతే గాక, 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత ఈ సీమలో డాబా ఇండ్లు అనేకము లేచినవి. ఆ దశకములలో మన దేశమున ఇండ్ల వైరింగునకు అల్యూమినియము తీగలు విరివిగా వాడిరి. నేటి ఫ్యానునకు వచ్చు తీగలు రాగివి. గోడలోని అల్యూమినియమునకు ఫ్యాను రాగిని మెలిపెట్టి టేపు చుట్టినచో, ఉప్పు తేమ తగిలిన ఆ ముడి చిన్న బ్యాటరీ వలె పనిచేసి అల్యూమినియమును తినివేయును. ఏడాది, రెండేండ్లు బాగుగానే యుండును. తరువాత దీపము ఒకనాడు మినుకుమనును, ఫ్యాను ఆగి మరల తిరుగును. గిన్నె వద్ద చిటచిటమని శబ్దము, కాలిన వాసన. టేపు విప్పినచో తెల్లని పొడియు, రాగిపై పచ్చని చిలుమును కనబడును. ఫ్యాను మంచిదే, ముడి చెడినది. రెండు లోహములకును తగిన కనెక్టరును మరతో బిగించుట, లేదా ఆ భాగమునకు రాగి తీగనే లాగించుట తప్ప దీనికి వేరు మందు లేదు. టేపుపై టేపు చుట్టుట పుండుపై పట్టీ మార్చుట వంటిది.

స్విచ్చిలలో చీమలు గూడు కట్టుట, ఎం.సి.బి. పెట్టెలో బల్లులు పడి కాలుట మీ రెరిగినవే. గిన్నె విప్పిన దినముననే కొక్కెమును, రాడ్డు బోల్టును, దానిలోని పిన్నును కూడ చూపించుకొనుడు. దీపము చేరినందున బరువు పెరిగినది, ఉప్పు గాలికి ఇనుము పలుచబడినది. ఊగులాడు ఫ్యానులో రాడ్డు అంచునకు తీగ ఒరసికొని పైతొడుగు చిరిగి, ఫ్యాను ఒంటికి కరెంటు ప్రాకుట కూడ కలదు.

తుపానుల మాట వేరు. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపమున తీరము దాటిన మిచాంగ్ వంటి తుపాను తరువాతనో, 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద వంటి దాని తరువాతనో, తప్పు మీ కొక్కెము వద్ద గాక స్తంభము వద్ద నుండవచ్చును. స్తంభముపై న్యూట్రలు తెగినప్పుడు కొన్ని ఇండ్లలో దీపములు మసకబారును, కొన్ని ఇండ్లలో మితిమీరి వెలుగును. ఫ్యాను ఎన్నడు లేని వేగముతో తిరుగును. వోల్టేజి 230 దాటి 400 వైపు ఎక్కుచున్నదన్న మాట. తడుముకొనక మెయిను తీసివేసి, 1912 నంబరునకు ఫోను చేయవలెను. నీరు స్విచ్చి బోర్డులను ముంచిన ఇంట, నీరు తీసిన వెంటనే మెయిను వేయరాదు. ఫ్యాను ఎత్తున పొడిగా నుండినను దాని తీగలు తడిసిన గోడలోనుండియే వచ్చుచున్నవి. గోడ ఆరిన పిమ్మట, పర్మిట్టు గల ఎలక్ట్రీషియను తీగల నిరోధమును కొలిచి సరేయన్న తరువాతనే కరెంటు ఈయవలెను.

ఎలక్ట్రీషియను వచ్చినప్పుడు "ఫ్యాను పోయినది" అనక, రెండును ఆగినవా, ఒకటే ఆగినదా, ముందు మినుకుమన్నదా, ఎం.సి.బి. పడినదా, ఇంట ఇన్వర్టరున్నదా అను సంగతులు చెప్పుడు. ఆయనకు సగము పని తగ్గును. పని ముగిసిన పిమ్మట ఏ రంగు తీగ దేనికి పోయినదో ఒక కాగితముపై వ్రాయించి ఎం.సి.బి. పెట్టె తలుపు లోపలివైపున అంటించుడు. పెన్సిలుతో వ్రాయించినచో మేలు. మన తేమ గాలికి సిరా అలుకుకొని పోవును.